నిలువుగా చెదిరిన పది రౌండ్లు

పదకొండు దాటింది. టార్గెట్ షీటు ఇంకా భోజనాల బల్ల మీదే ఉంది. తీయమని మా ఆవిడ రెండుసార్లు చెప్పి పడుకుంది.

పొద్దున గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌లో చిన్నోడి మీద విసుక్కున్నాను. రెండు రౌండ్లు కాల్చడం, రైఫిల్ బ్యారెల్ మూతి దగ్గరున్న ట్యూనర్ అనే బరువు తిప్పడం, మళ్లీ రెండు, మళ్లీ తిప్పడం. యాభై టెనెక్స్ రకం .22 రౌండ్ల పెట్టె దాదాపు అలాగే అయిపోయింది. రెండు రౌండ్లకు ఏం తెలుస్తుంది? ఏమీ కదపకుండా అదే లాటుతో, అంటే ఒకే విడతలో తయారైన తూటాలతో కాల్చినా, ఐదు రౌండ్ల గ్రూపు (చిల్లులు పడ్డ వెడల్పు) ఓసారి 9 మిల్లీమీటర్లు వస్తుంది, ఓసారి 15. "ట్యూనర్ వదిలెయ్, ముందు లాట్ మార్చు" అన్నాను. "సరే మావయ్యా" అన్నాడు, ముఖం మాడ్చుకుని.

చివరి పది రౌండ్లు మాత్రం ట్యూనర్ ముట్టుకోకుండా కాల్పించాను. ఇప్పుడు స్కేలు పెట్టి కొలిస్తే చిల్లులు అడ్డంగా 8 మిల్లీమీటర్లు, నిలువుగా 17 చెదిరాయి. పదో రింగు వ్యాసమే 10.4. గాలి తప్పయితే అడ్డంగా చెదరాలి కదా. ట్యూనర్ కుదరలేదన్న వాడి అనుమానాన్ని నేను కొట్టిపారేయాల్సింది కాదు.

.22 రౌండ్లలో సెకనుకు 6 మీటర్ల వేగం తేడా ఉంటే చాలు, 50 మీటర్ల దగ్గర దాదాపు 5 మిల్లీమీటర్లు కిందామీదా పడతాయి. బుల్లెట్ బ్యారెల్ దాటడానికి పట్టే సుమారు 3 మిల్లీసెకన్లలోనే బ్యారెల్ మూతి ఊగడం మొదలుపెడుతుంది. మూతి పైకి లేస్తున్న సమయంలో బుల్లెట్లు బయటపడాలి. వేగంగా వచ్చేది ముందే, మూతి ఇంకా కిందున్నప్పుడే వెళ్లిపోతుంది. నెమ్మదిది ఆలస్యంగా, మూతి మరికాస్త లేచాక వెళ్తుంది. ఆ కాస్త ఎత్తు దాని అదనపు దిగుడుకు సరిపోతుంది. మూతి దగ్గర బరువును ముందుకీ వెనక్కీ జరిపి ఆ ఊపును వేళకు తెచ్చేదే ట్యూనర్. 50కి కుదిరిన సెట్టింగు 100 మీటర్లకు కుదరదు.

అయినా వెంటనే ట్యూనర్ మీదికి పోలేను. నిరుడు వేసవిలోనూ ఇదే నిలువు గీత. మూడు వారాలు లాట్లు మార్చాం. రైఫిల్ బోల్టు కడిగాం, స్టాకు (రైఫిల్ దిమ్మ) స్క్రూలు విప్పి మళ్లీ ఒకే బిగువుకు బిగించాం. ఒకరోజు కాల్చేశాక మిగిలిన ఖాళీ కేసులు (తూటా తొడుగులు) వరసగా పేర్చి భూతద్దంతో చూస్తే, అంచు మీద ఫైరింగ్ పిన్ కొట్టిన గుర్తు ఒకదానికి లోతుగా, పక్కదానికి గోటితో గీరినట్టు ఉంది. .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాల్లో అంటుకునే మందు అంచులోనే ఉంటుంది. దెబ్బ తగ్గితే మంట ఒక్కోసారి ఒక్కోలా లేస్తుంది, వేగం మారుతుంది. ఫైరింగ్ పిన్ స్ప్రింగు నీరసించింది, అంతే. కొత్తది వేశాక గీత పోయింది.

ఇవాళ్టి కేసులు సంచిలోంచి తీసి చూశాను. గుర్తులన్నీ ఒకే లోతు. స్క్రూలూ గట్టిగానే ఉన్నాయి. ఇక ట్యూనరే.

ఆదివారం ఆరున్నరకల్లా, గాలి లేవకముందే వెళ్లాలి. అదే లాటు, రైఫిల్ రెస్టు మీద ఆనించి. మొదటి పది రౌండ్లు లెక్కలోకి రావు, బ్యారెల్‌కి ఆ లాటు బుల్లెట్ల మీది మైనం పట్టాలి. తర్వాత ట్యూనర్ మీద 0 నుంచి 50 దాకా ఐదేసి గీతలకు ఐదేసి రౌండ్లు, 55 అవుతాయి. నిలువు కొలతే రాయాలి. ఒక్కటి చిన్నగా వచ్చిందని మురిసిపోకూడదు. పక్కపక్కన మూడు సెట్టింగులు చిన్నగా వచ్చిన చోట మధ్యది పట్టుకుని, అక్కడ ఒక్కో గీతా జరపాలి. బాగున్నదానికి పదేసి రౌండ్ల గ్రూపులు నాలుగు. లాక్ స్క్రూ బిగించాక ఇంకోటి, ఎందుకంటే బిగించేటప్పుడే బరువు ఓ గీత జరుగుతుంది.

చిన్నోడికి మెసేజ్ పెట్టాను: "నీ అనుమానం నిజమే కావచ్చు. మూడు పెట్టెలు ఒకే లాటువి తీసుకురా."