మా ఎంజీ ఇంజన్ అసలుదేనని తేల్చుకున్న కథ: నా అనుభవం

మా పెద్దమామయ్య గుంటూరులో పొగాకు వ్యాపారం చేసిన రోజుల్లో మద్రాసు నుంచి తెచ్చుకున్న 1952 నాటి ఎంజీ టీడీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఇప్పుడు విజయవాడలో నా దగ్గరుంది. దాని ఇంజన్ కంపెనీదేనని ఈ వారమే తేలింది. ఆ సంతోషం మీదే రాస్తున్నాను.

2021లో కేంద్రం పెట్టిన నిబంధన ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బండికి 50 ఏళ్ళు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు. అందుకే ఏది అసలుదో ముందే చూసుకోవాలి.

చక్రాలు, కార్బొరేటర్లు సులువుగా అయిపోయాయి. టీడీకి 15 అంగుళాల డిస్క్ వీల్స్ ఉండాలి. 19 అంగుళాల వైర్ వీల్స్ అంతకు ముందు మోడల్ టీసీవి. కార్బొరేటర్లు రెండూ ఎస్‌యూ కంపెనీవే. లూకాస్ డైనమో మీద గుద్దిన నెల, సంవత్సరం కూడా బండి వయసుకి సరిపోయాయి.

గొడవంతా ఇంజన్ దగ్గరే వచ్చింది. పాత కార్ల గురించి తెలుసని ఊళ్ళో పేరున్న ఒక పెద్దమనిషిని పిలిచాను. ఆయన ఒక బోల్టు విప్పించి, కొలిచి చూసి, "బ్రిటిష్ బండికి మిల్లీమీటర్ మర ఏంటండీ? ఇంజన్ మార్చేశారు. మీ మామయ్యగారిని ఎవరో మోసం చేశారు" అన్నారు. మా బంధువులంతా చుట్టూ ఉన్నారు. బ్లాక్ మీదున్న ఎనిమిది మూలల ఇత్తడి ప్లేటు చూపించాను. దాని మీద ఈ మోడల్ ఇంజన్ పేరు ఎక్స్‌పీఏజీ/టీడీ2 అని స్పష్టంగా ఉంది. "ప్లేటు ఎవడైనా కొట్టిస్తాడు" అని వెళ్ళిపోయారు. పోయిన మనిషి మీద అంత మాట పడితే నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆటోనగర్‌లో ఒక కుర్ర మెకానిక్ అయితే "ఒకటింపావు మిల్లీమీటర్ టాప్ కొట్టి కొత్త మర వేసేద్దాం సార్, బోల్టులు ఏ షాపులోనైనా దొరుకుతాయి" అన్నాడు. ఎవరు చెప్పినా ఈ పని మాత్రం చేయనివ్వకండి. అసలు మర పోతే సాక్ష్యం పోయినట్టే.

చివరికి లేత్ పని చేసే ఒక ముసలి సాయిబుగారు పిచ్ గేజ్ (మర చుట్ల మధ్య దూరం, అంటే పిచ్, కొలిచేది) పెట్టి చూశారు. "బాబూ, ఇది 8 మిల్లీమీటర్లే, కానీ పిచ్ ఒకటి. ఇప్పటి బోల్టులకి ఒకటింపావు ఉంటుంది. తలకాయ చూడు, 13 పానా పట్టదు, 14 జారుతుంది. ఇది విట్‌వర్త్ తల, పాత బ్రిటిష్ కొలత" అన్నారు. విట్‌వర్త్ పానా వేస్తే అతికినట్టు కూర్చుంది.

ఇంటికొచ్చి చదివితే కారణం దొరికింది. ఫ్రెంచి ఆయుధాల కంపెనీ హాచ్‌కిస్‌కి కోవెంట్రీలో ఒక ఫ్యాక్టరీ ఉండేది. 1923లో దాన్ని బ్రిటిష్ కార్ల తయారీదారు మోరిస్ కొన్నారు; ఎంజీ కూడా ఆయనదే. యంత్రాలు ఫ్రెంచివి కాబట్టి మర మిల్లీమీటర్లలో పడింది. ఇంగ్లండు మెకానిక్‌ల దగ్గరున్న పానాలు పట్టాలని తలలు మాత్రం విట్‌వర్త్ కొలతలో పెట్టారు. మా ఎంజీ ఇంజన్ ఆ వంశంలోదే. అంటే ఆ పెద్దమనిషి దొంగ ఇంజన్‌కి గుర్తు అన్నదే అసలు ఇంజన్‌కి గుర్తు! గేజ్ జేబులో లేనివాళ్ళు తీర్పులు చెప్పకూడదు.

మర అరిగిన బోల్టులకి బదులు సాయిబుగారే కొత్తవి అదే పిచ్‌తో లేత్ మీద తీసిచ్చారు. టీడీ2 అని ఉంటే క్లచ్ ప్లేటు 8 అంగుళాలది తెప్పించుకోండి, అంతకు ముందువాటికి ఏడుంపావు.

ఇప్పుడు రిజిస్ట్రేషన్ దరఖాస్తు, ఫారం 20 నింపుతున్నాను. గేజ్ పెట్టి తీసిన బోల్టుల ఫోటోలు ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టాను. ఆ పెద్దమనిషి మాట సాయం నాకు అక్కర్లేదు.