లోడర్ ట్రాక్టర్‌కు ముందు బ్లేడు: ఇసుక మేటలు తోసే పనికి

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ప్రాణహిత, గోదావరి ఒడ్డు చేలకు వరద కొత్తేం కాదు. 2022 జూలైలో వచ్చినట్టు వచ్చి పోయాక చేలో రెండు రకాల సరుకు మిగుల్తది: ఒండ్రు, ఇసుక. ఒండ్రు రెండు మూడు అంగుళాలే ఉంటే దాని జోలికి పోవద్దు. ఆరాక దున్ని కలిపేస్తే పైసా ఖర్చు లేని ఎరువు. తోయాల్సింది ఇసుక మేటను, బండ్లబాట మీద పేరుకున్న బురదను. ఇంకో మాట, తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) వచ్చి పంచనామా రాసుకుని ఫోటోలు తీసుకునేదాకా చేను ముట్టుకోవద్దు. చదును చేసేశాక నష్టం చూపిద్దామంటే చూపడానికేమీ ఉండదు.

ట్రాక్టర్‌కు లోడర్ ఉంది కదా, బకెట్‌తోనే తోద్దాం అనుకుంటారు చాలామంది. మామూలు బకెట్ వెడల్పు అయిదడుగులు. వెనక టైర్ల బయటి అంచుల మధ్య దూరం అంతకంటే ఎక్కువ. అంటే తోసిన దారిలోనే టైర్లు పక్క ఇసుకను తొక్కుతూ పోతాయి. పైగా బకెట్ నిండగానే దాని పెదవి కిందికి దిగి, మేట కింద ఉన్న నల్లరేగడిని కూడా లేపుకొస్తది. ఇసుక పోవడమేమో గాని పైమట్టి పోతది. అందుకే బకెట్ విప్పి బ్లేడు పెట్టాలి.

ఈ బ్లేడు కిటుకులు మనవి కావు. మంచు కురిసే చోట్ల రోడ్ల మీద మంచు తోసే బ్లేడ్లవి: దెబ్బ తగిలితే ఒరిగే స్ప్రింగులు, కింద నేల మీద జారే ఇనుప చెప్పులు, గొలుసు మీద వేలాడే ఫ్రేము. కిటుకులు తెచ్చుకోవచ్చు గాని కొలతలు తెచ్చుకోవద్దు. తడి ఇసుక ఘనపు మీటరుకు రెండు టన్నులకు దగ్గర్లో తూగుతది. అప్పుడే కురిసిన మంచు అందులో పదో వంతు కూడా ఉండదు. మంచు బ్లేడు రెండున్నర అడుగుల ఎత్తున్నా ఇబ్బంది లేదు. మన బ్లేడు 20 అంగుళాల చుట్టుపక్కలే ఉండాలి. ఏడడుగుల బ్లేడు 20 అంగుళాల ఎత్తుంటే ముందు చేరే కుప్ప సుమారు అర టన్ను. అదే 30 అంగుళాలు చేస్తే బరువు రెట్టింపు దాటుతది. అంత తోసే పట్టు 45-50 హెచ్‌పీ టూ వీల్ డ్రైవ్ బండికి ఇసుకలో ఉండదు.

వెడల్పు ఏడడుగులు ఎందుకంటే, బ్లేడును వాలుగా తిప్పితే వెడల్పు తగ్గుతది. 30 డిగ్రీలు తిప్పిన ఏడడుగుల బ్లేడు నేల మీద ఆరడుగుల పైచిలుకే ఊడుస్తది. ఆరున్నర అడుగులది అదే వాలులో 5 అడుగుల 7 అంగుళాలకు పడిపోతది. మీ బండి వెనక టైర్ల బయటి కొలత తీసుకుని, దానికి రెండు అంగుళాలు కలిపి, వచ్చినదాన్ని 0.87తో భాగిస్తే మీకు కావాల్సిన పొడవు వస్తది.

రేకు వంపు కోసం రోలింగ్ మిషన్ వెతుక్కుంటూ పోనక్కర్లేదు. ఎత్తిపోతల పథకాల్లో వాడే 600 మి.మీ. వ్యాసం ఇనుప పైపు ముక్క పాతసామాను దుకాణంలో దొరికితే, దాన్ని నిలువునా మూడు ముక్కలుగా గ్యాస్ కటింగ్ చేయించండి. ఒక్కో ముక్క నిటారు ఎత్తు 520 మి.మీ., అంటే ఇరవైన్నర అంగుళాలు, వంపు తయారుగా ఉంటది. పైపు మందం 6 మి.మీ. అయితే ఏడడుగుల ముక్క 62 కిలోలు, 8 అయితే 83. ఆరు చాలు. వెనక 10 మి.మీ. ప్లేటుతో అయిదు పక్కటెముకలు, పైన కింద 75 మి.మీ. ఛానల్. వెల్డింగ్ ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఏకధాటిగా లాగితే రేకు అరటికాయలా వంగుతది. రెండంగుళాలు వేసి, అడుగు వదిలి, మళ్లీ రెండంగుళాలు వేస్తూ పోవాలి.

కింది అంచుకు 150 మి.మీ. వెడల్పు, 16 మి.మీ. మందం గట్టి పట్టీ. ఇది 40 కిలోలదాకా ఉంటది. జేసీబీ బకెట్ పాత అంచు దొరికితే ఇంకా మేలు. కొందరు లారీ కమాను పట్టీలను నేరుగా బ్లేడుకు వెల్డింగ్ చేస్తారు. ఆ ఉక్కులో కార్బన్ ఎక్కువ. వేడి చేయకుండా మామూలు రాడ్డుతో అతికితే అతుకు పక్కనే వెంట్రుక మందం పగులు వచ్చి, రెండో రోజు పట్టీ చేలో దొరుకుతది. ఏ పట్టీ అయినా బోల్టులతోనే బిగించండి: 16 మి.మీ. బోల్టు, ఆరంగుళాలకొకటి, తల లోపలికి దిగేలా. బెజ్జాలు పట్టీ నడిమధ్య గీతలో వేయిస్తే ఒక అంచు అరిగాక తిప్పి ఇంకో అంచు వాడుకోవచ్చు.

ఇక అసలు సంగతి. లోడర్ చేతులు ఎత్తడానికి చేసినవి, తోయడానికి కాదు. బకెట్ మట్టి ఎత్తినప్పుడు బరువు రెండు చేతుల మీద సమంగా పడుతది. బ్లేడు కొస ఒక మొద్దుకు తగిలితే మొత్తం దెబ్బ ఒక్క చేతి మీదే. చేయి మెలి తిరుగుతది, అక్కడి నుంచి దెబ్బ బిగింపు ప్లేట్లకు, వాటి నుంచి బండి నడుముకు పోతది. బిగింపు ముందు భాగానికీ, ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే బెల్ హౌసింగ్‌కూ మాత్రమే ఉండి, వెనక యాక్సిల్ దాకా ఇరుపక్కలా కమ్మీలు పోలేదనుకోండి, బెల్ హౌసింగ్ బోల్టులు వదులై ఆయిల్ చెమ్మ కనిపించడం మొదలవుతది. ఆ చెమ్మ కనపడ్డ రోజే పని ఆపాలి. ఆపకపోతే తర్వాత పగిలేది పోత ఇనుము. కాబట్టి బ్లేడు చేయించే ముందు రెండు పనులు: లోడర్ ఫ్రేము నుంచి వెనక యాక్సిల్ దాకా కమ్మీలు ఉన్నాయా చూడటం, రెండు చేతుల మధ్య 100 మి.మీ. అడ్డ పైపు ఉందా చూడటం. లేకపోతే ముందు అవి వేయించండి, బ్లేడు సంగతి తర్వాత.

బకెట్ విప్పాక మిగిలిన పిన్నుల జాగాలో కూర్చునే ప్లేటు ఒకటి కావాలి. 12 మి.మీ. ప్లేటు, వెనక నాలుగు జతల చెవులు: కింద చేతుల పిన్నులకు రెండు జతలు, పైన బకెట్‌ను వంచే టిల్ట్ జాకీలకు రెండు జతలు. చెవులు 16 మి.మీ. కంటే పలచన వద్దు. పిన్ను మందం, పిన్నుల మధ్య నిలువు దూరం, చేతుల మధ్య అడ్డ దూరం టేపుతో కొలిచి కాగితం మీద రాసుకుపోతే మూడు మి.మీ. తేడా వచ్చి పిన్ను దూరదు. ప్లైవుడ్ ముక్క మీద పాత బకెట్ చెవులనే ఆనించి బెజ్జాలు గుర్తుపెట్టుకోండి. తర్వాత సిమెంటు నేల మీద బండి నిలిపి, నాలుగు టైర్లలో గాలి సరిచూసి, పిన్నులు పెట్టి ఉంచే చెవులకు టాకాలు వేయించాలి. పిన్నులు చేత్తో తిరిగితేనే పూర్తి వెల్డింగ్, 7018 రాడ్డుతో. వెల్డింగప్పుడు బ్యాటరీ తీగ విప్పాలి, ఎర్త్ క్లిప్పు అతికే ముక్కకే పెట్టాలి, జాకీ రాడ్ల మీద తడి గోనెసంచి కప్పాలి. రాడ్డు మీద ఒక్క నిప్పురవ్వ అంటుకుని గరుకైతే చాలు, ఆయిల్ సీలు నెలలో పోతది.

ఈ ప్లేటుకు బ్లేడును నేరుగా అతికించడమే ఎక్కువమంది చేసే తప్పు. మన ఊళ్లలో బిగించే లోడర్ లివర్లలో చాలావాటికి ఎత్తు, ఆపు, దించు మూడే ఉంటాయి. నేలను బట్టి చేతులు తేలే నాలుగో స్థానం ఉండదు. నేరుగా అతికిన బ్లేడును కాస్త ఎక్కువ దించారంటే ముందు టైర్లు గాల్లోకి లేస్తాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. కాస్త తక్కువైతే బ్లేడు ఇసుక మీద జారిపోతది. డ్రైవరు రోజంతా లివరుతో కుస్తీ పడాలి.

దీనికి మందు గొలుసు. ప్లేటు కింది భాగంలో నేలకు పదంగుళాల ఎత్తున రెండు మడతబందులు, వాటి మధ్య దూరం 600 మి.మీ. వాటికి 75 మి.మీ. ఛానల్‌తో చేసిన ఏ-ఫ్రేము, దాని మొనకు బ్లేడు. ఫ్రేము ముందు భాగం నుంచి ప్లేటు పైభాగానికి 10 మి.మీ. గొలుసు. చేతులు ఎత్తితే గొలుసు బిగిసి బ్లేడు లేస్తది. దించితే గొలుసు వదులై బ్లేడు తన బరువుతో తాను నేల మీద తేలుతది. పనిలో గొలుసుకు మూడంగుళాల వదులు ఉండాలి. చేయి ఎంత దించితే మడతబందు పదంగుళాల ఎత్తులో ఉంటదో అక్కడ చేతి మీద, స్తంభం మీద తెల్ల రంగు గీత పెడితే సీటు మీది నుంచే కనపడుతది. మడతబందు మరీ ఎత్తులో ఉంటే తోసే బలం బ్లేడును నేలలోకి నొక్కుతది, మరీ కిందుంటే బ్లేడు పైకెక్కుతది. ఒక పక్క బెజ్జాన్ని నిలువుగా 20 మి.మీ. సాగదీయిస్తే బ్లేడు రెండు కొసల మధ్య 70 మి.మీ. దాకా ఎగుడుదిగుడు దానంతటదే సర్దుకుంటది. ఇక్కడో నష్టం ఉంది, ఒప్పుకోవాలి: బ్లేడును పైనుంచి నొక్కలేం కాబట్టి ఎండి గట్టిపడ్డ రేగడిని ఇది కోయదు. ఆ పని దీంది కాదు.

ఫ్రేము ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, పిన్ను నుంచి బ్లేడు దాకా అడుగున్నర లోపు. మొనలో 40 మి.మీ. పిన్ను, వెనక అర్ధచంద్రం ప్లేటుకు 0, 15, 30 డిగ్రీల దగ్గర ఇరుపక్కలా బెజ్జాలు, లాక్‌కు 25 మి.మీ. పిన్ను. దిగి పిన్ను మార్చడం బద్ధకమనిపిస్తే జాకీలు పెట్టుకోవచ్చు గాని, రెండు జాకీల మధ్య క్రాస్ రిలీఫ్ వాల్వు లేకుండా మాత్రం వద్దు. కొసకు రాయి తగిలిన క్షణాన ఆయిల్‌కు పోయే దారి లేక జాకీ రాడ్డే వంగుతది. నన్నడిగితే పిన్నే మేలు.

వరద మేట కింద ఏముందో ఎవరికీ తెలియదు: తాటి మొద్దు, గెట్టు రాళ్లు, బోరు కేసింగ్. అందుకే బ్లేడు ఒరగాలి. బ్లేడును అర్ధచంద్రానికి అడుగు నుంచి ఆరేడు అంగుళాల ఎత్తున రెండు పిన్నులతో కట్టి, పై అంచును స్ప్రింగులతో వెనక్కి లాగి ఉంచాలి. అంచుకు దెబ్బ తగిలితే కింది భాగం వెనక్కి, పై భాగం ముందుకు పోయి, రాయి దాటాక స్ప్రింగులు మళ్లీ నిలబెడతాయి. స్ప్రింగులు కొనాల్సిన పని లేదు. పాత తొమ్మిది నాగళ్ల కల్టివేటర్‌కు నాగలికి రెండు చొప్పున పద్దెనిమిది ఉంటాయి, నాలుగు తీసుకోండి. వెనక కొక్కేలకు మర బోల్టులు పెడితే బిగువు మార్చుకోవచ్చు. భూమిలో పాతుకున్న రాయికి అంచు ఆనించి, లో గేరు ఒకటిలో మెల్లగా నెట్టాలి. వెనక చక్రాలు జారకముందే బ్లేడు ఒరగాలి. చక్రాలు ముందు జారితే స్ప్రింగులు బిగువెక్కువ. ఉత్త ఇసుకకే ఒరుగుతుంటే వదులెక్కువ.

అంతా కలిపి 220 నుంచి 250 కిలోలు అవుతది. ముందు ఇరుసుకు అయిదడుగుల ముందు 250 కిలోలు వేలాడితే వెనక చక్రాల మీద నుంచి దాదాపు 190 కిలోలు లేచిపోతాయి. తోయడానికి పట్టు కావాల్సింది అక్కడే. వెనక మూడు లింకులకు మీటరు పొడవు, అర మీటరు ఎత్తు, 30 సెంటీమీటర్ల మందం కాంక్రీటు దిమ్మ పోయించుకోండి. సుమారు ఒక సంచి సిమెంటుతో 360 కిలోల బరువొస్తది. లింకు పిన్నులు కాంక్రీటు లోపల సలాకలకు అతికించి ఉండాలి, ఉత్తగా గుచ్చితే ఊడొస్తాయి.

మొరం బాట మీద అంచు మొరాన్ని లేపేస్తది. రెండంగుళాల ఇనుప పైపును పొడవునా 18 మి.మీ. చీలికగా కోసి అంచుకు కింద నుంచి తొడిగితే గుండ్రటి అడుగు జారుకుంటూ పోతది. కోసేటప్పుడు పైపు నోరు తెరుచుకోకుండా అడుగుకొక చోట కోయకుండా వదిలి, చివర్న వాటిని తెంపాలి. చెప్పులు గట్టి బాట మీదే పనికొస్తాయి, చేలో దిగబడతాయి, విప్పేయండి. వడ్లు ఆరబెట్టే సిమెంటు కళ్లంలో ఊడ్చాలంటే పాత కన్వేయర్ బెల్టు ముక్కను అంచు కంటే నాలుగు సెంటీమీటర్లు కిందికి దిగేలా పట్టీతో బిగించాలి. బొగ్గు గనుల పుణ్యమా అని మంచిర్యాల వైపు పాతసామాను దుకాణాల్లో వెతికితే దొరుకుతది. రేగడి బురద రేకుకు అంటుకుని బ్లేడు బండరాయిలా మారితే నీలం ప్లాస్టిక్ డ్రమ్మును కోసి పరిచి రేకు మీద బోల్టు చేయండి. మట్టి జారిపోతది.

తోసే ముందు లెక్క వేసుకోండి. ఎకరంలో ఒక్క అంగుళం మేట అంటే 3,630 ఘనపుటడుగులు. వంద ఘనపుటడుగుల ట్రాలీతో 36 ట్రిప్పులు. ఆరంగుళాల మేటను బ్లేడుతో గెట్టుదాకా తోద్దామంటే డీజిలు తడిసి మోపెడవుతది. బ్లేడును 30 డిగ్రీలు వాల్చి 30-40 అడుగులకొక వరుసగా ఇసుకను పక్కకు చేర్చి, తర్వాత బకెట్ పెట్టి ట్రాలీకి ఎత్తాలి. ఆ ఇసుక గెట్టుకు వేసుకోవడం వేరు, అమ్మడం వేరు. తహసీలు అనుమతి లేకుండా ట్రాలీ రోడ్డెక్కితే కేసు. అదను కూడా చూడాలి. పిడికెడు మట్టి పిసికి నడుమెత్తు నుంచి వదిలితే ముద్ద పగలాలి. చదునుగా పరుచుకుంటే ఇంకా రెండు రోజులు ఆగాలి.

రోడ్డు మీద పోయేటప్పుడు బ్లేడు రేడియేటర్‌కు అడ్డంగా ఎత్తి పెట్టుకుంటే గాలి అందక ఇంజను వేడెక్కుతది, హెడ్‌లైట్లకూ అడ్డం. అడుగులోపే ఎత్తి, 0 డిగ్రీల్లో లాక్ చేసి పోవాలి. పనిలో మూడు నుంచి అయిదు కిలోమీటర్ల వేగం చాలు. మొదటి అయిదు గంటలయ్యాక లోడర్ బిగింపు బోల్టులన్నీ మళ్లీ స్పానర్ వేసి చూడాలి, ఒక్కటైనా పావు చుట్టు తిరగకుండా ఉండదు. పిన్నులకు రోజూ గ్రీజు. పని సీజను అయ్యాక బ్లేడును చెక్క దిమ్మల మీద దించి, స్ప్రింగుల బిగువు వదిలి, టిల్ట్ జాకీ రాడ్లు పూర్తిగా లోపలికి ముడిచి పెట్టండి. బయటున్న రాడ్డుకు వానాకాలంలో తుప్పు చుక్కలు పడితే మళ్లీ సీజనుకు సీళ్లతోనే పని మొదలు.