చర్మం ముక్కతో పాటు నాలుగు మాటలు రాసి పంపండి

ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్ సీసాతో వచ్చే కాగితం మీద "స్కిన్ బయాప్సీ" అని తప్ప ఇంకేమీ లేకపోతే నాకు నిజంగా బాధేస్తుంది. మచ్చ ఎన్నేళ్లుగా ఉంది, ఒంట్లో ఎక్కడ, ఏం పూశారు, ఇవేవీ తెలియకుండా చర్మపు లింఫోమాని, అంటే చర్మంలో చేరే లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల క్యాన్సర్‌ని, స్లైడు చూసి తేల్చడం నాలాంటి పాథాలజిస్టుకి చాలా కష్టం.

వీటిలో ఎక్కువగా కనిపించేది మైకోసిస్ ఫంగాయిడిస్. 1806లో పారిస్‌లో అలిబెర్ అనే డాక్టరు మొదట వర్ణించిన జబ్బు ఇది. మొదట్లో అచ్చం ఎగ్జిమాలాగే ఉంటుంది, ఎండ తగలని నడుం, పిరుదులు, తొడల మీద ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మన రంగు చర్మంలో, ముఖ్యంగా చిన్న వయసు వాళ్లలో, తెల్లటి మచ్చలుగా కూడా వస్తుంది, దాంతో కొందరు బొల్లి అనుకుంటారు, కొందరు కుష్టు అని భయపడిపోతారు.

మైక్రోస్కోపు కింద నేను ముందు చూసేది పైపొర అడుగు అంచు. అక్కడ లింఫోసైట్లు ఒక్కొక్కటిగా, చుట్టూ కాస్త ఖాళీతో, పూసలు గుచ్చినట్టు వరసగా కనిపిస్తాయి, కేంద్రకాలు నల్లగా, ముడతలు పడి ఉంటాయి. ఎగ్జిమాలోనూ లింఫోసైట్లు పైకి వస్తాయి గానీ పొరంతా నీరు చేరి ఉబ్బుతుంది. ఇక్కడ అంత ఉబ్బు లేకుండానే ఇన్ని కణాలు ఎందుకొచ్చాయన్నదే అనుమానం. పోట్రియే గుంపులు, అంటే పైపొరలో ఈ కణాలు ఒకచోట చేరిన చిన్న గుంపులు, ఉంటే పని సులువే, కానీ తొలిదశలో అవి చాలామందిలో కనిపించవు.

అప్పుడు ఆ కణాలు ఏ రకం లింఫోసైట్లో చెప్పే సీడీ3, సీడీ4, సీడీ8, సీడీ7 మార్కర్లు చేస్తాం, అవసరమైతే అవన్నీ ఒకే కణం నుంచి పుట్టాయా (ఒకే క్లోనా) అని చూసే టి-సెల్ రిసెప్టర్ జీన్ టెస్టు కూడా. అయితే మామూలు వాపు జబ్బుల్లో కూడా సీడీ7 తగ్గొచ్చు, ఒకే క్లోన్ కనిపించొచ్చు. అందుకే రిపోర్టు ఒక్కటే పట్టుకుని నిర్ణయానికి రాకూడదు, మచ్చను చూసిన స్కిన్ డాక్టరూ మేమూ మాట్లాడుకోవాలి.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ క్రీము పూస్తూ ఉంటే ఆ కణాలు పల్చబడిపోయి స్లైడులో ఏమీ తేలదు. డాక్టరుని అడిగి రెండు నుంచి నాలుగు వారాలు ఆపాక, ఒకచోట కాకుండా రెండు మూడు చోట్ల నుంచి ముక్క తీయిస్తే మేలు. మొదటిసారి "లింఫోమా లేదు" అని వచ్చినా మచ్చలు తగ్గకపోతే మళ్లీ తీయించాల్సిందే. పాత ల్యాబ్‌లో మీ చర్మం ముక్క ఉన్న మైనం బ్లాకులు, స్లైడులు దాచి ఉంటే అడిగి తెచ్చుకోండి, కొత్తవాటి పక్కన పెట్టి చూస్తే చాలాసార్లు అక్కడే జవాబు దొరుకుతుంది.