బారసాల నాటికీ ఊడని బొడ్డు

మా బాబుకి 21వ రోజు బారసాల చేశాం. కొరిటెపాడులో ఇల్లంతా చుట్టాలు. ఉయ్యాల్లో వేయబోతూ అత్తయ్య చూసింది, బొడ్డుతాడు ఇంకా ఊడలేదు. మా పాపకి తొమ్మిదో రోజుకే ఊడిపోయింది. "ఆముదం రాయండి, అదే ఊడుతుంది" అన్నారు పక్కింటి పెద్దావిడ. మర్నాటికి బొడ్డు చుట్టూ ఎర్రగా కందింది, ఒళ్లు కాలిపోతోంది. చుక్క చీము కూడా లేదు కదా అని నేను ధైర్యం తెచ్చుకున్నాను. చీము పట్టకపోవడమే ఆ జబ్బు గుర్తని నాకేం తెలుసు!

మొదట చూపించిన చోట యాంటీబయాటిక్ ఇచ్చి పంపారు. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. విజయవాడ తీసుకెళ్తే తెల్లకణాలు 64,000 ఉన్నాయన్నారు. ఆ వయసుకి 20,000 ఉన్నా ఎక్కువేనట. డాక్టరమ్మ రిపోర్టు చూసి అడిగిన మొదటి మాట, "మీది మేనరికమా?"

అవును, మా మేనత్త కొడుకునే చేసుకున్నాను.

ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. తెల్లకణం రక్తనాళం గోడని పట్టుకుని ఆగితేనే, దాన్ని దాటి పుండు దగ్గరికి పోగలదు. ఆ పట్టుకి సీడీ18 అనే ప్రోటీన్ కావాలి. బాబుకి అది దాదాపు లేదు. అందుకే కణాలన్నీ రక్తంలోనే తిరుగుతున్నాయి. చీమంటే చాలావరకు చచ్చిన తెల్లకణాలే, అవి పుండుదాకా రాకపోతే చీమెక్కడిది? బొడ్డు ఊడాలన్నా అవే రావాలి. జబ్బు పేరు ల్యూకోసైట్ అడ్హీషన్ డెఫిషియెన్సీ.

తల్లి పాల దోషమని, గ్రహణం పట్టిందని చాలా మాటలు పడ్డాను. అవేవీ కావు. 21వ క్రోమోజోమ్ మీద ఐటీజీబీ2 అనే జన్యువు ఉంటుంది. అందరికీ రెండు ప్రతులు. తాతయ్య దగ్గర్నుంచో నాయనమ్మ దగ్గర్నుంచో ఒక పాడైన ప్రతి మా నాన్నకీ, అత్తయ్యకీ వచ్చింది. వాళ్ల నుంచి నాకూ, బావకీ. ఒకటి బాగుంటే చాలు గనక మా ఎవరికీ ఏమీ కాలేదు. బాబుకి మాత్రం రెండూ పాడైనవే వచ్చాయి. ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. పెద్దది బాగా పుట్టింది కదా అని రెండోసారి అది తగ్గదు.

మూలుగ మార్పిడే దారి అన్నారు. పాప మూలుగ సరిపోయింది. దానికీ ఒక పాడైన ప్రతి ఉంది, అయినా ఇవ్వొచ్చట. బాబుకి ఇప్పుడు రెండేళ్లు.

మా తమ్ముడికి ఆడపడుచుని ఇవ్వాలని ఇంట్లో ఎప్పట్నుంచో అనుకుంటున్నారు. ఇద్దరికీ ఆ జన్యు పరీక్ష చేయించకుండా తాంబూలాలు పుచ్చుకునేది లేదని మొన్న అత్తయ్యే చెప్పేసింది.