ఓటు లేని వరస

ఏటా వసంతంలో మా టౌన్ ఆఫీసు నుంచి ఒక పుస్తకం పోస్టులో వస్తుంది. ఇల్లు కొన్న ఏడాది దాని మీద ‘వారంట్’ అన్న మాట చూసి మా ఆవిడ హడలిపోయింది. “ఏం చేశారండీ, ఆఫీసులో ఏమన్నా గొడవా?” అంది. వీసా మీద బతికేవాళ్ళ భయాలు అలాగే ఉంటాయి.

తీరా చూస్తే అది టౌన్ మీటింగ్‌కి పిలుపు. అమెరికాలో ఈ మసాచుసెట్స్ రాష్ట్రంలో మాలాంటి చిన్న ఊళ్ళకి మేయరుండడు. రోజువారీ పనులు చూడ్డానికి ఎన్నికైన ఐదుగురి బోర్డు ఉంటుంది గానీ, డబ్బు ఖర్చుపెట్టాలంటే ఊరు ఒప్పుకోవాలి. ఊరంటే నిజంగా ఊరే. ఓటరు జాబితాలో పేరున్న ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు, చెయ్యెత్తొచ్చు. ఆ రాత్రికి వాళ్ళే శాసనసభ.

నాకు ఓటు లేదు. హెచ్1 ఉద్యోగ వీసా మీద వచ్చి పదిహేడేళ్ళయింది, మూడు నెలలకోసారి ప్రాపర్టీ టాక్స్ కడుతున్నాను, ఇక్కడ స్థిరపడనిచ్చే గ్రీన్ కార్డు క్యూలో నా వంతు మాత్రం ఇంకా రాలేదు. చూడ్డానికి ఎవరైనా రావచ్చన్నారని ఓసారి వెళ్ళాను. హైస్కూల్ జిమ్‌లో పెట్టారు. గుమ్మం దగ్గర పేరు సరిచూసి ఓటర్లకి ఒక రంగు కార్డు ఇస్తున్నారు. నాకు మాత్రం గోడ వారగా వేసిన కుర్చీలు చూపించింది అక్కడున్న పెద్దావిడ. ఓటు లేనివాళ్ళ వరస అది. అప్పటికే ఇద్దరు మనవాళ్ళు కూర్చుని ఉన్నారు.

ఆ రాత్రి ఎక్కువసేపు నలిగింది ఫైరింజన్ సంగతి. పాత నిచ్చెన బండి తీసేసి కొత్తది కొనాలి, ధర పది లక్షల డాలర్ల పైమాటే. ఫైర్ చీఫ్ యూనిఫాంలో మైకు ముందు నిలబడ్డాడు. గళ్ళ చొక్కా ముసలాయన ఒకరు లేచి, పేరూ వీధి పేరూ చెప్పి (చెప్పకపోతే మీటింగ్ నడిపే మోడరేటర్ మాట్లాడనివ్వడు), “అంత నిచ్చెన కావాల్సినంత ఎత్తు బిల్డింగులు మన ఊళ్ళో ఎన్ని?” అన్నాడు. చీఫ్ లెక్క చెప్పాడు. “పక్క ఊరి బండి రావడానికి ఎన్ని నిమిషాలు?” అదీ చెప్పాడు. “పోయినేడు రిపేర్లకి ఎంతయింది?” కాగితాలు తిరగేసి అదీ చెప్పాడు. ముందు వరసలో ఒకావిడ స్వెటర్ అల్లుకుంటూ వింటోంది. నలభై నిమిషాలు ఇదే నడిచింది. చివరికి కార్డులు లేచాయి, బండి పాసైంది. ముసలాయన కార్డు మాత్రం లేవలేదు.

నా చూపంతా ఆ యూనిఫాం మీదే ఉంది. మా నాన్న ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్తే చెప్పులు గుమ్మం బయటే విప్పేవాడు. మా ఇంట్లో గవర్నమెంటు అంటే ఇచ్చేది. పట్టా ఇచ్చింది, కరెంటు ఇచ్చింది. ఇస్తే దణ్ణం పెట్టేవాళ్ళం, ఇవ్వకపోతే తిట్టేవాళ్ళం. డబ్బు మనదే కదా, లెక్క చెప్పమని నిలబెట్టి అడగొచ్చన్న ఊహే రాలేదు. 73వ రాజ్యాంగ సవరణ మన ఊళ్ళకీ గ్రామసభని ఇచ్చింది. మా ఊళ్ళో అది సంతకాల పుస్తకంలోనే జరిగేది.

అలాగని ఇక్కడ ఊరంతా తరలివస్తుందనుకోకండి. వేలమంది ఓటర్లలో ఆ రాత్రి వచ్చింది కొన్ని వందల మంది. చంటిపిల్లలున్నవాళ్ళు, నైట్ షిఫ్టువాళ్ళు ఎలా వస్తారు? ఇక డబ్బు దగ్గర బిగింపు మామూలుగా ఉండదు. ఊరు వసూలు చేసే మొత్తం ప్రాపర్టీ టాక్స్, కొత్త కట్టడాల మీద వచ్చేది కాక, ఏడాదికి రెండున్నర శాతం మించి పెరగకూడదని 1980లో ఈ రాష్ట్రం ఓటర్లే బ్యాలెట్ మీద తేల్చేశారు. మించాలంటే మళ్ళీ ఓటర్ల దగ్గరికే రావాలి.

మా టీములో ఒకతను పక్క రాష్ట్రం న్యూ హాంప్‌షైర్ నుంచి రోజూ వస్తాడు. ‘స్వేచ్ఛగా బతుకు, లేదా చావు’ అని అక్కడి కారు నంబర్ ప్లేట్ల మీదే ఉంటుంది. జీతం మీద రాష్ట్ర పన్ను లేదు, పెద్దవాళ్ళకి సీటు బెల్టు చట్టం లేదు, సేల్స్ టాక్స్ లేదు. మనవాళ్ళు ఫోన్లు కొనడానికి అక్కడి నాషువా ఊరికి పరిగెత్తేది అందుకే. అతని లెక్కలో ప్రభుత్వమంటే కాపలా కుక్క, గొలుసు మాత్రం విప్పకూడదు. అదే రాష్ట్రంలో విస్కీ సీసా కావాలంటే దాదాపుగా సర్కారు షాపుకే పోవాలి! ఆంధ్రలో 2019 తర్వాత నడిచిన ప్రభుత్వ మందు షాపుల సంగతి చెబితే, “మావి హైవే పక్కనే, చౌక కూడా” అన్నాడు గర్వంగా.

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, పదహారేళ్ళు. స్కూల్లో 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన చదివి వచ్చింది. హక్కుల్ని కాపాడటానికే ప్రభుత్వాలు పుట్టాయనీ, జనం సమ్మతి నుంచే వాటికి అధికారం వస్తుందనీ అందులో ఉంది. రాసినవాళ్ళే బానిసల్ని పెట్టుకున్నారని కూడా స్కూల్లోనే చెప్పారట. “మరి నీ కన్సెంట్ ఎవరడిగారు నాన్నా?” అంది. ఈ రాష్ట్రంలో పదహారుకే ఓటరుగా ముందస్తుగా పేరు నమోదు చేసుకోవచ్చు. చేసేసుకుంది కూడా. రంగు కార్డు నాకంటే ముందు దానికే వస్తుంది.

ఈ ఏడాది వారంట్‌ని ముందు తనే విప్పింది. స్కూల్ బడ్జెట్ పేజీలో పెన్సిల్ గీత పెట్టి, “మ్యూజిక్ టీచర్ పోస్టు తీసేస్తున్నారు, వెళ్ళి అడుగు” అంది.

“నాకు ఓటు లేదు కదమ్మా.”

“మోడరేటర్ పర్మిషన్ ఇస్తే మాట్లాడొచ్చు. ఇదుగో, రెండో పేజీ.”

మీటింగ్ వచ్చే సోమవారం. వాళ్ళ నోటికి అందేలా మన ఇంటిపేరు ఎంత నెమ్మదిగా పలకాలో అద్దం ముందు చూసుకుంటున్నాను.