వేరుమందు, దిగులు

1984 మార్చిలో మెడ వెనుక పోటు రెండు రోజులైనా తగ్గకపోవడంతో తెనాలిలో మా వీధి చివరి డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. చేతికి పట్టీ చుట్టి, పాదరసం దిగేదాకా చూసి, చీటీ మీద రక్తపోటు 190/110 అని రాశారు. ఆయన ఇచ్చిన మాత్రలో మూడు మందులు కలిసి ఉండేవి; అందులో ఒకటి రిసర్పిన్, 0.1 మిల్లీగ్రాము.

అది సర్పగంధ వేరు నుంచి వచ్చిన మందని కాంపౌండరు చెప్పగానే మా అమ్మ స్థిమితపడింది. వేరుమందు కీడు చేయదని ఆమె నమ్మకం, నాదీ అదే. ఆ వేరును మన వైద్యులు పూర్వం ఉన్మాదానికీ నిద్రలేమికీ వాడేవారనీ, బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో రక్తపోటుపై దాని గుణాన్ని బ్రిటిష్ హృద్రోగ పత్రికలో ప్రకటించారనీ, 1952లో స్విట్జర్లాండ్‌లో దాని నుంచి రిసర్పిన్‌ను వేరుచేశారనీ చాలాకాలం తర్వాత చదివాను. ఉన్మాదాన్ని అణచే వేరు మామూలు మనసును మాత్రం ముట్టకుండా ఊరుకుంటుందా?

రక్తపోటు తగ్గింది, 140/90కి దిగింది. కానీ మే నెలలో ఇంట్లో ఆవకాయ కలుపుతుంటే నాకు ఆవపిండి ఘాటే తెలియలేదు. జలుబు లేకుండానే ముక్కు దిబ్బడ. వానలు పడేనాటికి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, కారణం లేని ఏడుపు ముంచుకొచ్చేది. పిల్లల కాంపోజిషన్ పుస్తకాలు ముందేసుకుని, ఎర్రసిరా కలం మూత తీసి, ఒక్క వాక్యమైనా దిద్దకుండా సాయంత్రం దాకా కూర్చునేవాణ్ణి. అది నా బలహీనతే అనుకున్నాను.

ఆగస్టు చివర గుంటూరులో చూపించుకున్నప్పుడు అక్కడి వైద్యుడు, "ఇంతకుముందెప్పుడైనా ఇలా దిగులుపడ్డారా?" అని అడిగారు. నాన్న పోయినప్పుడు ఆరు నెలలు గడప దాటలేదని చెప్పాను. మొదటి డాక్టరుగారు ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ మాత్ర నా చేతికి వచ్చేది కాదు. నరాల చివర్లలో నిల్వ ఉండే రసాయనాలను ఆ మందు ఖాళీ చేస్తుందనీ, అందువల్లే రక్తపోటు తగ్గుతుందనీ, మెదడులోనూ అదే జరుగుతుంది కనుక కొందరు కుంగిపోతారనీ, మానేసినా ఆ నిల్వ నిండడానికి సమయం పడుతుందనీ వివరించి, వేరే మాత్రలు రాశారు.

వారం పది రోజుల్లో ముక్కు తెరుచుకుంది. మనసు అంత తొందరగా తేరుకోలేదు. దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం జాడీ మూత తీయగానే ఆవ ఘాటు నసాళానికి అంటింది. రెండు ముద్దలు కలుపుకున్నానో లేదో, "ఉప్పు తగ్గించమన్నారు కదండీ" అంటూ మా ఆవిడ జాడీ లోపలికి తీసుకుపోయింది.