నల్ల ఖనిజం, లేత గులాబీ స్ఫటికం

విశాఖ రేవులో మాంగనీస్ ఖనిజపు గుట్టలను చూసినవారికి, ఆ నల్లని రాతిపొడి నుండి లేత గులాబీ రంగు మాంగనీస్ సల్ఫేట్ స్ఫటికాలు వస్తాయంటే ఒక పట్టాన నమ్మకం కుదరదు. 1933లో ప్రారంభమైన ఈ రేవును కట్టడానికి ముఖ్య కారణాల్లో ఒకటి మధ్య పరగణాల (నాటి సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీస్ ఖనిజాన్ని ఓడలకెక్కించడమే. అంతకు నాలుగు దశాబ్దాల ముందే నాటి విశాఖపట్నం జిల్లాలో తవ్వకాలు మొదలయ్యాయి. ఆ జిల్లాలోని కోడూరు గని పేరు మీదనే ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒక శిలకు కోడురైట్ అని పేరు పెట్టారు. మన వైపు పల్లె పేరు శిలాశాస్త్ర గ్రంథాలకెక్కడం నాకు నేటికీ సంతోషం కలిగించే విషయం.

ఆ ఖనిజంలో ప్రధానమైన మాంగనీస్ డయాక్సైడ్ సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో సులభంగా కరగదు. అందుచేత దానిని బొగ్గుపొడితో కలిపి కొలిమిలో బాగా వేడిచేసి, మాంగనస్ ఆక్సైడ్‌గా మార్చి, ఆపైన ఆమ్లంలో కరిగించి, ఇనుము వంటి మలినాలను అవక్షేపంగా, అంటే కరగకుండా అడుగున చేరే మడ్డిగా, తొలగిస్తారు. మిగిలిన ద్రావణం నుండి మాంగనీస్ సల్ఫేట్ మోనోహైడ్రేట్ (ఒక నీటి అణువును కలుపుకున్న రూపం) లభిస్తుంది; దాని బరువులో దాదాపు 32 శాతం మాంగనీసే. చాలా లవణాలు వేడినీటిలో ఎక్కువగా కరుగుతాయి గాని, ఇది వేడి పెరిగినకొద్దీ తక్కువగా కరుగుతుంది కనుక, ద్రావణాన్ని వేడిగా ఉంచే స్ఫటికాలను రాబడతారు.

రైతులకు ఇది సూక్ష్మపోషక ఎరువుగా తెలుసు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి, వాటి నడుమ భాగం పసుపు రంగుకు తిరిగితే, లీటరు నీటికి సుమారు 5 గ్రాముల చొప్పున కలిపి పిచికారీ చేస్తారు. ఆకులో నీటి అణువును విడగొట్టి ఆక్సిజన్‌ను వెలువరించే కేంద్రంలో నాలుగు మాంగనీస్ పరమాణువులు ఉంటాయి. పశువుల దాణాలోనూ, లిథియం బ్యాటరీల తయారీలోనూ దీని వాడకం ఉంది.

నాకు మాత్రం ఈ లవణం మీద మక్కువ కలిగింది, నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను కొలిచే వింక్లర్ పద్ధతి వల్ల. 1888లో వెలువడిన ఈ పద్ధతిలో, గాలిబుడగ చొరబడకుండా నింపిన నీటి సీసాలో ముందు మాంగనీస్ సల్ఫేట్ ద్రావణాన్నీ, వెనువెంటనే అయొడైడ్ కలిపిన క్షారాన్నీ పిపెట్‌తో అడుగుకు దించుతారు. తెల్లని అవక్షేపం ఏర్పడి, నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను పట్టుకుని గోధుమ రంగుకు మారుతుంది. తరువాత ఆమ్లం కలిపితే ఆ ఆక్సిజన్‌కు సరిసమానంగా అయొడిన్ విడుదలవుతుంది. దానికి థయోసల్ఫేట్ ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి, ఎంత పట్టిందో చూసి (దీన్నే అంశమాపనం అంటారు) లెక్క కడతారు.

విద్యార్థి దశలో రామకృష్ణా బీచ్ నుండి ఒక సీసా, ఊరి మురుగు సముద్రంలో కలిసే చోటు నుండి మరొకటి తెచ్చి పక్కపక్కన పెట్టాను. మొదటిది క్షణాల్లో చిక్కని గోధుమ రంగుకు తిరిగింది. రెండవ దానిని ఎన్నిసార్లు తలక్రిందులు చేసి కలిపినా, అవక్షేపం తెల్లగానే నిలిచిపోయింది.